ఎడమవి పదకొండు, కుడివి తొమ్మిది

ఆ సారు నాగపూర్ నుంచి వచ్చి మా మరిది ఖలీముల్లా హోటల్లో పై గది అద్దెకు తీసుకున్నాడు. రాయిగా మారిన ఎముకలు ఏరడం ఆయన పని. అలాంటివాళ్లు మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచ వైపు అప్పుడప్పుడూ వస్తుంటారు. ఎండలో పడి వాగు గట్లు గాలిస్తారు, దొరికింది దొరికినట్టు బొమ్మ గీసుకుంటారు, గుడ్డలో చుట్టుకుని పోతారు. వాళ్లతో మాకు పేచీ లేదు. ఈయన వేరు. దొరికిన ఎముక ఈయనకు అక్కర్లేదు. తను అనుకున్న ఎముకే దొరకాలి.

అనుకున్నది ఒక పెద్ద బల్లి. రాక్షసి బల్లులు పుట్టకముందే బతికి అంతరించిందట. వెన్నుపూసల మీంచి బారెడు ముళ్లు నిటారుగా లేచి, వాటి మధ్య తోలు పరుచుకుని, వీపు మీద తెరచాపలా ఉండేదట. అమెరికాలో దొరికిందట, ఇక్కడ ఎవరికీ దొరకలేదట. దొరికితే దానికి ఈయన పేరే పెడతారట. చాయ్ తాగడానికి వచ్చిన ప్రతివాడికీ పుస్తకంలో బొమ్మ చూపించేవాడు. ప్రాణహిత మీద మా నాటు పడవలకే తెరచాప లేదు, గడతో తోస్తారు. బల్లికి ఎందుకో నాకు తెలియదు. కానీ బల్లి మీద నాకు కోపం లేదు.

మా ఆయన బర్కత్ అలీ పోయాక మాంసం దుకాణం నేనే నడుపుతున్నాను. హలాల్ చేయడానికి మనిషి వస్తాడు, తర్వాత కోత అంతా నాది. మా దుకాణంలో మేకను తోకతో సహా వేలాడదీస్తాం. ఆ తోక చూసి, ఇది గొర్రె కాదు మేకే అని జనం నమ్ముతారు. మేక అని చెప్పి గొర్రెను అమ్మారన్న మాట ఇరవై ఏళ్లలో మా మీద రాలేదు. ఆయన నాకు వదిలిపోయిన ఆస్తి ఆ మాటే. దుకాణం గది కూడా మరిదిదే.

1985 ఎండాకాలంలో రేగుంట గట్టయ్య దగ్గర మేకలు కొనడానికి పోతూ, వాగు గట్టు కోసుకుపోయిన చోట ఎర్రమట్టిలో ఎముకలు చూశాను. బరువు చూస్తే రాయి, ఆకారం చూస్తే ఎముక. వచ్చి హోటల్లో చెప్పాను. అదే నేను చేసిన తప్పు. మర్నాడు పొద్దున్నే సారు జీపు కట్టించి, నన్నూ మా పక్కింటి రాజక్కనూ మట్టి తీయడానికి తీసుకుపోయాడు. తీసినవి గోనెపట్టా మీద పడేయమని చెప్పి, తను నీడలో థర్మాస్ ముందు కూర్చున్నాడు. బొమ్మ గీయలేదు, దగ్గరికి కూడా రాలేదు.

నా చేతుల అలవాటు నాది. మేక డొక్క కోస్తే ఎడమ పక్కవి ఒక కుప్ప, కుడి పక్కవి ఒక కుప్ప పెడతాం. ధ్యాస లేకుండానే అలాగే పెట్టాను, వెన్నుపూసలు మాత్రం పట్టా మీద వేశాను. పని అయ్యేసరికి టేకాకుల మీద రెండు కుప్పలు తేలాయి. ఎడమవి పదకొండు, కుడివి తొమ్మిది.

సారు అప్పుడు లేచి వచ్చాడు. "ఎవరు వేరు చేయమన్నారు? ఇవన్నీ ఒకే వరుసలోవి. తెరచాప ముళ్లు!" అని హిందీలో అరిచాడు.

"ఒక్క వరుస ఎట్లయితది సాబ్? ఇవి డొక్క ఎముకలు," అన్నాను. "ఇది ఇటు వంగింది, దీని జత అటు వంగింది. కొసకు రెండేసి బొడిపెలున్నయి జూడుండ్రి, వెన్నుపూసకు ఆనేటివి. మేకకైనా గిట్లనే ఉంటది."

ఆయన డ్రైవర్ వైపు తిరిగి నవ్వాడు. "మేకలు కోసే ఆమె నాకు శాస్త్రం చెప్తోంది."

"మరి మీరెన్ని కోసిండ్రు సాబ్?" అంది రాజక్క, తట్ట దులుపుతూ.

నాలుగు రోజులకు హోటల్‌కు మాంసం ఇవ్వడానికి పోతే పై గది తలుపు తెరిచి ఉంది. సారు నేల మీద కూర్చుని, ఆకురాయితో ఎముకల కొసలు అరగదీస్తున్నాడు. రెండో బొడిపె పోతే ముల్లులా కనబడుతుంది కదా. ఇరవై ఎముకలనూ వెన్నుపూసల మీద బంకతో నిలబెడుతున్నాడు. ఒకటి ఇటు వంగి, ఒకటి అటు వంగి, పశువులు తొక్కిన కంచెలా ఉంది ఆ తెరచాప. దాన్నే తల పక్కకు వాల్చి మురిపెంగా చూసుకుంటున్నాడు. అంత చదువు చదివి ఈ పనా అనిపించింది. మా సంతలో గొర్రెకు మేక తోక కుట్టి అమ్మినవాడికి కూడా కొంచెం సిగ్గు ఉండేది.

ఆయన వెళ్లే రోజు హోటల్లో నా ముందు ఒక మరాఠీ కాగితం పెట్టారు. మొదట చూసిన మనిషి మాట లేకపోతే బొంబాయి పెద్దలు నమ్మరట. మరాఠీ అక్షరాలు నేను వయోజనుల తరగతిలో నేర్చుకున్నాను, తెలుగు అక్షరాలు రాజక్క నేర్పింది. వేలు పెట్టి చదువుకుంటూ పోయాను. 'ఈ ముళ్లు వెన్ను మీద ఒకే వరుసలో నిలబడి ఉండగా నేనే చూశాను' అని ఉంది.

సారు సిరా డబ్బా నా వైపు తోశాడు.

"ఏం జదువుతవు భాబీ, వేలు ముద్ర పెట్టు జల్ది," అన్నాడు ఖలీముల్లా.

"వేలెందుకు? సంతకం నేర్చి మూడేండ్లాయె."

"సంతకమే పెట్టు మరి. సాబు మళ్లొస్తడు, పెద్ద పెద్దోళ్లను తోలుకొస్తడు. మన హోటల్‌కు పేరొస్తది."

"చూడనిది చూసిన్నని ఎట్ల పెట్టాలె?"

"పెట్టకుంటే దుకాణం గది రేపే ఖాళీ జెయ్."

మరిది మాట మీద నిలబడే మనిషి, ముఖ్యంగా చెడ్డ మాట మీద. గది పోతే దుకాణం పోతుంది. సంతకం పెడితే, డొక్క ఎముక ఎరగని కటికది అన్న పేరు మా ఆయన దుకాణానికి వస్తుంది. అది కూడా నా చేతిరాతతో వస్తుంది.

కలం తీసుకున్నాను. కాగితం అడుగున తెలుగులో రాయడం మొదలుపెట్టాను. నా అక్షరాలు పెద్దవి, నెమ్మదిగా పడతాయి. సారు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

"ఇంత పొడుగు పేరా?"

"పేరుతోని దుకాణం పేరు గూడ రాసిన సాబ్."

ఆయన తెలుగు చదవలేడు, మరిదికి ఉర్దూ అక్షరాలు తప్ప రావు. చదివించుకోవచ్చు, గల్లా దగ్గరే తెలుగు వచ్చిన మనిషి ఉన్నాడు. కానీ మాంసం దుకాణం ఆడది తన పేరు కాక ఇంకేం రాస్తుందని ఆయన లెక్క. సిరా ఆరనిచ్చి, మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

నేను రాసింది ఇది: 'ఇవి డొక్క ఎముకలు. ఎడమవి పదకొండు, కుడివి తొమ్మిది. కొసలు సారు అరగదీశాడు. ఒక్క వరుసలో నేను చూడలేదు. హఫీజా, బర్కత్ అలీ మాంసం దుకాణం, సిరొంచ.'

తెరచాపను గడ్డిలో పొదిగి జీపెక్కించారు. మా మరిది సారు మెడలో దండ వేసి సాగనంపాడు.

జీపు పోయాక రాజక్కకు చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వి, "బొంబాయిల తెలుగు జదివెటోళ్లు ఉంటరా హఫీజక్కా?" అంది.

"ఉంటే చదువుతరు. లేకుంటే లేదు. నేనైతే తోక ఉంచే పంపిన."

సారు మళ్లీ రాలేదు. ఖలీముల్లా పై గదికి కొత్త పరుపు కొని, పెద్ద పెద్దోళ్ల కోసం రెండేళ్లు దాని మీద ఎవరినీ పడుకోనివ్వలేదు.