హెన్రీ రాజు గోంగూరకు సాక్షి

ఎనిమిదో హెన్రీ రాజుగారికి గోంగూర పచ్చడి అలవాటు చేసింది మా వంశమే. ఈ ముక్క నేనొక్కణ్ణే చెబితే ఎవరూ నమ్మరు. అందుకే పక్కన రత్నరాజుండేవాడు.

మేమిద్దరం బందరు దగ్గర పల్లెలో, మిషన్ బడిలో, ఒకే బల్ల మీద ఎనిమిదో తరగతి దాకా చదివాం. దొరల కాలం. మా తాలూకా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మాకు తెలియదు గానీ, ఇంగ్లండును ఏలిన ట్యూడర్ రాజుల పేర్లు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. ఏడో హెన్రీ, ఎనిమిదో హెన్రీ, ఆరో ఎడ్వర్డు, మేరీ, ఎలిజబెత్తు. మధ్యలో తొమ్మిది రోజులు రాణిగా ఉన్న జేనమ్మను మరిచిపోతే అరచేతి మీద ఇంకో దెబ్బ. పాపం ఆవిడ తల పోయింది, మా చేతులు వాచాయి.

అరవై ఏళ్ళ తరవాత ఇద్దరం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో తేలాం. నేను కూతురు రూతు ఇంట్లో, వాడు కొడుకు ఇంట్లో. ఆదివారం మధ్యాహ్నం అమెరికావాళ్ళ ఆరాధన అయ్యాక అదే చర్చి మా తెలుగు సంఘానికి అద్దెకిచ్చేవారు. ఆరాధన, ఆ తరవాత పక్క హాల్లో భోజనాలు, భోజనాల తరవాత నా కోతలు.

మా వైపు కోతలు కోసేవాడు ఒంటరిగా కొయ్యడు. పక్కనొకడు ఊ కొట్టాలి. ఉత్త ఊ చాలదు, కథ పలచబడిన చోట తనూ ఒక గరిటె పొయ్యాలి. ఆ పని రత్నరాజులా చేసినవాడు కృష్ణా జిల్లాలో లేడు.

"మా ముత్తాతకు ముత్తాత బందరు రేవులో ఓడెక్కి లండన్లో దిగాడు," అనేవాణ్ణి నేను.

"ఊఁ. కాళ్ళకి చెప్పులు కూడా లేవు," అనేవాడు వాడు.

"రాజుగారి వంటశాలలో ఉద్యోగం. విషం కలిపారేమోనని రాజుకంటే ముందు రుచి చూడాలి. ఒకరోజు పళ్ళెంలో గోంగూర పచ్చడి పెట్టాడు. రాజు తిన్నాడు. తిని, వారం రోజులు కొత్త పెళ్ళి మాటెత్తలేదు!"

"ఊఁ. ఆ ఉద్యోగం ఇచ్చినట్టు రాగిరేకు మీద రాయించారు. వీళ్ళ అటక మీద నేను కళ్ళారా చూశా."

ఆ రాగిరేకు రత్నరాజు పోసిన గరిటె. నేను కలలో కూడా అనుకోలేదు. అంత బాగుంది కాబట్టి ఉంచేశాను.

పెద్దవాళ్ళు నవ్వేసి పళ్ళేలు ఎత్తేవారు. నవ్వకుండా వినేది ఒక్కతే, నా మనవరాలు లూసీ. ఇక్కడే పుట్టిన పిల్ల, పదకొండేళ్ళు. నేనేం చెప్పినా దానికి బైబిలు వాక్యమే. ముసలివాడి మాట పూర్తిగా నమ్మే మనిషి ఇంట్లో ఒకరుండటం ఎంత సుఖమో, ఆ సుఖం పోయేదాకా తెలియలేదు.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగు మార్చిలో దాని క్లాసులో ట్యూడర్ రాజుల పాఠం వచ్చింది. రాజులు ఏం తినేవారు, ఏం కట్టేవారు, పరివారం ఎలా బతికేది, తలా ఒక వ్యాసం రాయమన్నారు. నాకు చూపించకుండా నాలుగు పేజీలు రాసేసింది. శుక్రవారం బడి నుంచి వచ్చి ఆ కాగితాలు నా ఒళ్ళో పెట్టింది. మొదటి పేజీలో మా ముత్తాతకు ముత్తాత. రెండో పేజీలో గోంగూర. మూడో పేజీలో రాగిరేకు. చివర టీచరు ఎర్ర సిరాతో ఏదో రాసింది.

"తాతయ్యా, ఫ్యామిలీ స్టోరీ అయితే సెకండ్ పర్సన్ కూడా ట్రూ అని చెప్పాలంట. రత్నరాజు అంకుల్ చూశాడు కదా? సండే సైన్ చేయిస్తా. మండే నేను క్లాస్‌లో ప్రెజెంట్ చేస్తాను."

డెబ్భై రెండేళ్ళవాడు దానికి అంకుల్. అప్పుడే నవ్వేసి, "ఒసే పిచ్చితల్లీ, అది కోత," అని ఉంటే అయిపోయేది. దాని మొహం చూశాను. "అంకుల్‌నే అడుగు," అన్నాను.

శనివారం పొద్దున్నే రత్నరాజుకి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"ఒరేయ్, రేపు భోజనాలయ్యాక దాన్ని బయటికి తీసుకెళ్ళి నేనే చెప్పుకుంటా. నా నోటితో చెబితే తట్టుకుంటుంది. ఈలోపు అది కాగితం పట్టుకొస్తే, కళ్ళజోడు మరిచిపోయాను అను. అంతే. ఇంకో మాట మాట్లాడకు."

"కళ్ళజోడేగా? ఇంట్లోనే పడేసి వస్తాను. పిల్లదాన్ని నేను బాధపెడతానట్రా? నాకొదిలెయ్," అన్నాడు.

వాడికొదిలేశాను.

ఆ ఆదివారమే పాస్టరుగారు రత్నరాజును సంఘ పెద్దగా నిలబెట్టి ప్రార్థన చేశారు. ఆ సంగతి ముందురోజు ఫోన్లో వాడు నాతో అనలేదు. కొత్త కోటు వేసుకొచ్చాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. భోజనాల దగ్గర పాస్టరుగారి పక్కన కూర్చున్నాడు. అరవై ఏళ్ళలో నా పక్కన కూర్చోకుండా వాడు తినడం అదే మొదలు.

నేను చెయ్యి కడుక్కోకముందే లూసీ కాగితాలు పట్టుకుని అటు నడిచింది.

"అంకుల్, ఇక్కడ సైన్ చేస్తారా? మీరు కాపర్ ప్లేట్ చూశారు కదా, తాతయ్య వాళ్ళ అటక మీద."

వాడు కాగితాలు తీసుకున్నాడు. నాలుగు పేజీలూ తిప్పాడు. నేను ఇవతల నుంచి కళ్ళజోడు వైపు వేలు చూపిస్తూనే ఉన్నాను. పాస్టరుగారు, "ఏంటది అన్నా?" అని తొంగి చూశారు. వాడు గొంతు సవరించుకున్నాడు.

"రాగిరేకా? నేనెప్పుడు చూశానమ్మా? మీ తాతకి చిన్నప్పట్నుంచీ అబద్ధాల అలవాటుంది. ఎన్నిసార్లు చెప్పినా మానడు. దేవుని సంఘంలో ఉండి నేను ఇలాంటివాటికి సంతకం పెట్టకూడదు."

హాలు నవ్వింది. ఎవరో, "తాతగారూ, హెన్రీకి పులిహోర కూడా పెట్టారా?" అని కేకేశారు. బైబిల్లో పేతురు, యేసెవరో నాకు తెలియదని బొంకినప్పుడు కోడైనా కూసిందంటారు. ఈ ఊళ్ళో కోళ్ళన్నీ ఫ్రిజ్‌లోనే ఉంటాయి, ఏం కూస్తాయి?

లూసీ నవ్వలేదు. వాడివైపు చూడలేదు. నావైపు చూసింది. నేను కాదంటానని ఆగింది. ఒక్క మాట. నేను పళ్ళెంలో మిగిలిన మెతుకులు ఏరుతూ కూర్చున్నాను. అది కాగితాలు మడిచి, వెళ్ళి కారులో కూర్చుంది.

రూతు డ్రైవ్ చేస్తోంది. వెనక సీట్లో నేనూ లూసీ.

"అంతా అబద్ధమా?" అని కిటికీనే అడిగింది పిల్ల.

"ఆరుగురు పెళ్ళాలు నిజం. ఇద్దరి తలలు తీయించడం నిజం. గోంగూర అబద్ధం, ముత్తాత అబద్ధం. శుక్రవారమే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను."

"అంకుల్ ఎందుకు చూశానని చెప్పేవాడు మరి?"

"కథ కోసం."

"మీరిద్దరూ కలిసి నన్ను ఫూల్ చేశారు."

అద్దంలో రూతు కళ్ళు నన్ను చూశాయి. "నాన్నా, ఇక ఊరుకో," అంది.

ఇంటికెళ్ళి లూసీ లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం ముందేసుకుని వ్యాసం మళ్ళీ రాయడం మొదలెట్టింది. పాత కాగితాల మీద పెన్సిల్‌తో అడ్డగీతలు కొడుతోంది. ముత్తాత పోయాడు. గోంగూర పోయింది. రాగిరేకు పోయింది. న్యాయమే. నేను వెనక నిలబడి చూస్తున్నాను. నాలుగో పేజీలో ఇంకో పేరా ఉంది. హెన్రీ రాజు దొడ్డికి కూర్చుంటే పక్కన నిలబడి సాయం చెయ్యడానికి ఒక పెద్దమనిషి ఉండేవాడనీ, ఆ పనికి గొప్పింటి మగవాళ్ళు పోటీపడేవారనీ. దాని మీద కూడా గీత పడింది.

"లూసీ, అది నిజమే తల్లీ. మా మాస్టారు చెప్పారు. ఆ పుస్తకంలోనే ఉంటుంది, చూడు."

అది తల ఎత్తింది. కోపంగా చూసినా బాగుండేది. చర్చికి వచ్చే ముసలివాళ్ళందరితో మాట్లాడే మర్యాదతో, "ఓకే తాతయ్యా," అంది. పుస్తకం తిప్పలేదు. గీత చెరపలేదు.

అది పడుకోవడానికి మేడెక్కాక పుస్తకం నేనే తెరిచాను. నా ఇంగ్లీషు మిషన్ బడి ఇంగ్లీషే, అయినా దొరికింది. ఆ పేజీలో ఒక కాగితపు ముక్క పెట్టి బల్ల మీద ఉంచాను. పొద్దున బడికి వెళ్ళేటప్పుడు పుస్తకం వెళ్ళింది. ముక్క బల్ల మీదే ఉంది.

బుధవారం రత్నరాజు ఫోన్ చేశాడు.

"ఏరా, కోపమా? పాస్టరుగారి ముందు నేనేం చెయ్యను చెప్పు? పెద్దని చేసిన రోజాయె. పిల్లలన్నాక రెండ్రోజుల్లో మరిచిపోతారు. ఊరికే తోచట్లేదురా, ఏదైనా ఒక కథ చెప్పు."

మొదలెట్టాను.

"హెన్రీ రాజుకి ఒక మంత్రి ఉండేవాడు. చిన్నప్పట్నుంచీ స్నేహం. రాజు ఆయన ఇంటికి చెప్పకుండా భోజనానికి వెళ్ళేవాడు, తోటలో ఆయన భుజం మీద చెయ్యి వేసుకుని తిరిగేవాడు."

"ఊఁ," అన్నాడు రత్నరాజు.

ఆ ఊ విన్నాక, చివరికి ఆ రాజే మంత్రి తల తీయించాడన్న ముక్క చెప్పకుండానే ఫోను పెట్టేశాను.