గబ్బిలాలకు నున్నటి ఇల్లు

దోమల కాయిల్స్ అమ్మేది నేను, వాటి పొగకు దగ్గేది మా అత్తయ్య. నేను పనిచేసే మందుల షాపులో ముందు వరుసలో కాయిల్స్, వెనక అరలో ఇన్‌హేలర్లు ఉంటాయి. ముందువి కొన్నవాళ్ళలో కొందరు కొన్నాళ్ళకు వెనకవాటి కోసం వస్తారు. ఏదెలా పోయినా మనకు ఢోకా లేదని మా ఓనరు నవ్వుతుంటాడు. ఆ జోకు మా ఇంట్లో చెల్లదు.

అత్తయ్యకు ఉబ్బసం. పొగ గానీ స్ప్రే గానీ ఆవిడ దరిదాపుల్లోకి రాకూడదని డాక్టరు గట్టిగా చెప్పేశాడు. అవి మానేస్తే దోమలు. మా పెరటి గోడ వెనకే మురుగు కాలువ. తొట్లు బోర్లించాం, పూలకుండీల కింద పళ్ళాలు తీసేశాం. కాలువను బోర్లించలేం కదా! దాంతో ఆవిడ నాలుగు నెలలుగా పొద్దు వాలగానే దోమతెరలో దూరిపోతోంది. పెరట్లో కూర్చుని, నాతో కలిసి మా ఆయన్ని ఆటపట్టించడం ఆవిడకు సాయంత్రం టీ కన్నా ముఖ్యం. తెరలోంచి వేసే జోకు సగంలోనే చచ్చిపోతుంది.

"వల్లో చేపనయిపోయానమ్మాయ్" అంటుంది పాపం.

వదిన, అంటే మా ఆయన అక్క, ఐదో అంతస్తులో ఉంటుంది. అంత ఎత్తుకు దోమలు రావట. వచ్చే నెలాఖరుకి వచ్చి అమ్మను తనతో తీసుకుపోతానని ఫోన్లో తేల్చి చెప్పింది. అత్తయ్య సరేనంది. అత్తాకోడళ్ళంటే పామూ ముంగిసా అని లోకం అనుకుంటుంది. లోకం గొడవ నాకెందుకు? ఆవిడ వెళ్ళిపోతుందంటే నాకు ఏడుపొచ్చింది. మర్నాడు షాపులో, జ్వరం మాత్రలడిగిన పెద్దమనిషికి దగ్గు మందు ఇచ్చి పంపించాను.

అది మార్చుకోవడానికి తిరిగొచ్చిన ఆ పెద్దమనిషి హైస్కూల్లో సైన్సు మాస్టారు. నా మొహం చూసి సంగతేమిటని అడిగి, అంతా విని, "గబ్బిలాలకు ఇల్లు కట్టండమ్మా" అన్నాడు. "పళ్ళు తినే పెద్దవి కాదు, పురుగులు తినే చిన్నవి. చీకటి పడగానే బయల్దేరి ఎగురుతూనే దోమల్ని పట్టి తింటాయి. మొత్తం పోతాయని చెప్పను, తగ్గుతాయి."

సాయంత్రానికి బొమ్మ గీసి, కొలతలు రాసిన కాగితం తెచ్చిచ్చాడు. కింద తెరిచి ఉండే పల్చటి పెట్టె, లోపల పలకల మధ్య వేలు దూరేంత సందు, పొద్దుటి ఎండ తగిలేలా రెండు నిలువుల ఎత్తున కట్టాలి.

మా ఆయన వడ్రంగి. మామూలు వడ్రంగి కాదు. ఆయన చిత్రిక పట్టిన చెక్క మీద ఈగ వాలితే కాలు జారి పడుతుందని మా వీధిలో సామెత. పుట్టించింది అత్తయ్యే అనుకోండి.

"గబ్బిలాలకా? నేనా?" అని ఒక గంట అలిగి, కాగితం లాక్కుని బల్ల దగ్గరికి పోయాడు.

నాలుగు రోజుల్లో పెట్టె తయారయింది. ఎక్కడ అతికాడో వెతికినా కనపడని మూలలు, లోపలా బయటా గరుకు కాగితంతో తోమిన నునుపు, ఆపైన రెండు పూతల వార్నిష్. నగల పెట్టె అనుకుని దొంగలెత్తుకుపోతారేమో అన్నాను. ఆయన మురిసిపోయాడు. పెరట్లో స్తంభం పాతి ఎక్కించాం.

రెండు వారాలు ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టేశాయి. గబ్బిలాలు రావని కాదు. వచ్చేవి, పెట్టె చుట్టూ ఒక చక్కరు కొట్టేవి, ఎదురింటివాళ్ళ పాడుబడ్డ షెడ్డులోకి పోయేవి.

"ఇల్లు నచ్చింది గానీ ఇంటాయన నచ్చలేదేమో" అంది అత్తయ్య తెరలోంచి.

ఆ రాత్రే నేను ఆయన బల్ల సర్దుతుంటే రంపం కింద మాస్టారి కాగితం దొరికింది. అడుగున ఒక వరుస మీద వడ్రంగి పెన్సిల్‌తో లావుపాటి గీత అడ్డంగా కొట్టేసి ఉంది. వెలుగులో పెట్టి చదివాను. 'లోపల చెక్క గరుకుగా ఉండాలి, గాట్లు పెట్టాలి. వార్నిష్ వద్దు.'

"ఇదెవరు కొట్టేశారు?"

"నేనే. మాస్టారికి పాఠాలు తెలుసు, చెక్క పనేం తెలుసు? గరుకుగా వదిలేస్తే నలుగురూ నవ్వరూ?"

"ఆ నలుగురూ వచ్చి దాన్లో తలకిందులుగా వేలాడతారా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో నేనేం వాదించను? కోపంతో నా గొంతు పెరిగింది. అక్క వచ్చేది ఎందుకో గుర్తుందా, ఆ పెట్టె ఎవరి కోసం చేశారు, నలుగురి కోసమా మీ అమ్మ కోసమా అని అడిగేశాను. అత్తయ్య తెర ఎత్తుకుని బయటికొచ్చింది.

"ఒరేయ్, ఈగకే కాలు జారితే గబ్బిలం గోళ్ళెక్కడ ఆనించాలిరా?"

మర్నాడు పొద్దున్నే ఆయన పెట్టె దింపి ఊడదీశాడు. వార్నిష్ పలకలు పక్కన పెట్టి కొత్తవి కోశాడు. ఉలి పట్టుకుని కూర్చున్నాడు గానీ చెయ్యి కదల్లేదు. ముప్ఫై ఏళ్ళుగా చెక్క మీద గీతలు పోగొట్టడమే పనిగా బతికిన చెయ్యి అది. నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది.

అత్తయ్య మూతికి గుడ్డ కట్టుకుని, జానెడు చెక్కముక్క ఒకటి తీసుకుని, విరిగిన రంపం బ్లేడుతో గీకడం మొదలెట్టింది. ఒక్కో గీతకీ ఆయన పంటికింద రాయి పడ్డట్టు మొహం పెడుతున్నాడు. నాలుగో గీతకి ఇక ఓర్చుకోలేకపోయాడు.

"వంకరగా గీస్తున్నావే అమ్మా! ఇలా ఇయ్యి."

ఆవిడ వంకర గీతల కింద తిన్నగా ఒక గీత గీశాడు. కళ్ళు మూసుకుని తెరిచి, ఇంకోటి గీశాడు. తర్వాత కొలబద్ద తెచ్చుకున్నాడు. గోరు వెడల్పు ఎడంతో, ఒకే లోతున, వరసగా. పాడు చెయ్యడంలో కూడా ఆయన పనికి వంక పెట్టలేం. ఆ ముక్కను నమూనాగా ముందు పెట్టుకుని పలకలన్నీ గీసి, పొద్దు వాలేలోపు పెట్టె బిగించాడు.

మర్నాడు "నా నమూనా ముక్కేది?" అని ఇల్లు పీకి పందిరేశాడు. దొరకలేదు.

చూస్తుండగానే నెలాఖరు వచ్చింది, వదినా వచ్చింది. గబ్బిలాలు మాత్రం రాలేదు. అత్తయ్య తన బ్యాగు తనే సర్దుకుంది, నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. పావుగంటలో బండి వస్తుందని వదిన చెప్పింది.

"ఒక్కసారి పెరట్లోకి వెళ్ళొస్తానే" అంది అత్తయ్య.

నలుగురం వెళ్ళాం. దోమలు మమ్మల్ని ఘనంగా ఆహ్వానించాయి. వదిన కాళ్ళ మీద చరుచుకుంటూ తిడుతోంది. మసక వెలుతురులో పెట్టె అడుగున చిన్న గోధుమరంగు ముద్ద ఒకటి పాక్కుంటూ కిందికి జరిగింది. ఒక్క క్షణం వేలాడి, పట్టు వదిలి, మా తలల మీదుగా ఎగిరిపోయింది. మా ఆయన అరవబోయి తన నోరు తనే మూసుకున్నాడు. ఇంకోటి వస్తుందని చూశాం. రాలేదు.

"ఒక్కటే!" అంది వదిన. "ఒక్కటి ఎన్ని దోమల్ని తింటుందే అమ్మా?"

"ఈ ఇంటికి నేనూ ఒక్కదాన్నే వచ్చానే" అంది అత్తయ్య. "తర్వాత ఎంతమందిమయ్యామో చూసుకో. ఆ బండిని పంపించెయ్యి."

"మరి దోమలో?"

"ఇంకొన్నాళ్ళు తెరలో ఉంటాలే. చుట్టం దిగిన రోజే ఇల్లు వదిలిపోతారా ఎవరైనా?"

వదిన తల్లినీ పెట్టెనీ మార్చి మార్చి చూసి, నవ్వేసి, టీ పెట్టమంది. నేను ముందు బ్యాగు లోపలికి తీసుకుపోయి, ఆవిడ మనసు మారేలోపు విప్పేశాను. బట్టల మధ్యలో తువ్వాలులో చుట్టినదేదో చేతికి గట్టిగా తగిలింది. విప్పి చూస్తే జానెడు చెక్కముక్క. పైన నాలుగు వంకర గీతలు, కింద వరసగా తిన్నటి గీతలు.

ఆవిడ నిజంగానే వెళ్ళిపోవడానికి సిద్ధపడింది. కొడుకు తన కోసం గీసిన గీతల్ని కూడా పట్టుకుపోబోయింది. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

"ఏమోయ్, నా నమూనా ముక్క ఎక్కడైనా కనిపించిందా? రెండో పెట్టె మొదలెట్టాలి!" పెరట్లోంచి మా ఆయన కేక.

"లేదండీ" అని, ముక్కను మళ్ళీ తువ్వాలులో చుట్టి ఆవిడ దిండు కింద పెట్టేశాను.