మా ఆయన సరే అన్న రోజు

మా ఆయన కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. వాన వస్తుందంటే రాదంటాడు, వచ్చాక ఇదీ ఒక వానేనా అంటాడు. మా పెళ్ళిలో వెలుతురు ఎటు నుంచి పడాలో ఫొటోలు తీసే అతనితో వాదిస్తూ నిలబడ్డాడు. అందుకే సగం ఫొటోల్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అదే లారీ స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం అంత నెమ్మదస్తుడు ఇంకొకడు ఉండడు.

ఆయన పనిచేసే లారీ ఆఫీసులోనే నాకు ఫోన్ల దగ్గర ఉద్యోగం. ఏ బండి ఎక్కడుందో కనుక్కోవడం, సరుకు కోసం ఎదురుచూసేవాళ్ళకు సర్దిచెప్పడం నా పని. నా బల్లకు ఎదురుగా అద్దాల గదిలో మా ఓనరు కూర్చుంటాడు. చెడ్డవాడు కాదు కానీ, ఎక్కడైనా లారీ ఆగి ఉందంటే ఆయనకు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు పొద్దున మా ఆయన రాత్రంతా బండి నడిపి వచ్చాడు. ముఖమైనా కడుక్కోకముందే ఓనరు ఇంకో లోడు ఎక్కించాడు. వెళ్ళాల్సిన డ్రైవరుకు జ్వరమట. నిద్ర లేదని మా ఆయన చాలాసేపు వాదించాడు.

"ఈ ఒక్క ట్రిప్పు కొట్టెయ్. కొత్త బండి నీకే ఇస్తా" అన్నాడు ఓనరు.

ఆ కొత్త బండి మీద మా ఆయనకు ఎప్పటి నుంచో కన్ను. షెడ్డులో దాని చుట్టూ తిరిగి, ఎవరూ చూడడం లేదనుకుని సీటు మెత్తగా ఉందో లేదో నొక్కి చూసుకున్న మనిషి. గొణుక్కుంటూనే పాత బండి ఎక్కాడు. అన్నం డబ్బా అందిస్తూ, "ఎక్కడైనా ఆపి పడుకోండి" అన్నాను. "నాకు చెప్తున్నావా?" అన్నాడు. ఆ మాటతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

భోజనాలయ్యాక ఓనరు నా బల్ల దగ్గరికొచ్చి, మా ఆయనకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టమన్నాడు. బండి నడిపేవాళ్ళకు ఫోన్లేమిటని ఎన్నిసార్లు చెప్పినా ఓనరు చెవికెక్కదు.

"దారిలో గోడౌనుకెళ్ళి టైల్సు పెట్టెలు కూడా ఎక్కించుకో."

"సరే."

"మధ్యలో ఎక్కడా ఆగకు. చీకటి పడేలోగా దింపెయ్యాలి."

"సరే."

ఓనరు ముఖం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళకు దారికొచ్చాడమ్మా మీ ఆయన" అన్నాడు.

నాకు మాత్రం తేడా కొట్టింది. గంగిరెద్దులా తలూపే మొగుడితో నేనేనాడూ కాపురం చెయ్యలేదు. ఫోన్ దగ్గరికి లాక్కున్నాను. "ఏమండీ, మా పెద్దక్క వచ్చి నెలరోజులు ఉంటానంటోంది."

"సరే."

మా పెద్దక్క పేరెత్తితే ఇల్లు పీకి పందిరేసే మనిషి. "బండి పక్కకు తీసి ఆపండి" అన్నాను.

"సరే" అన్నాడు. ఇంజిను మోత మాత్రం తగ్గలేదు. ఆయన నోరు పలుకుతోంది గానీ మనిషి నిద్రలోకి జారిపోతున్నాడని అర్థమైంది. ఆయన్ని లేపడానికి నాకు తెలిసిన మందు ఒక్కటే.

"అయినా మీకంటే మా తమ్ముడే బండి బాగా నడుపుతాడు" అన్నాను గట్టిగా.

కాసేపు ఇంజిను మోతే వినిపించింది.

"ఎవడు? మన గోడ కూలగొట్టినవాడా?"

"అడ్డంగా కట్టింది మీరు."

"గోడ దాని చోట అది ఉంది. వెనక్కి చూడకుండా వచ్చింది వాడు." గొంతులో ప్రాణం వచ్చింది. నేను వదల్లేదు. రివర్సు నేర్పింది మీరేగా అన్నాను. ఆయన రెచ్చిపోయాడు. ఆ వేడి మీదే ఎదురుగా ఏముందని అడిగితే పెట్రోలు బంకన్నాడు.

"అంత మొనగాడైతే గీత పడకుండా అందులోకి తిప్పి ఆపండి, చూద్దాం."

ఇండికేటరు టిక్కుటిక్కుమంది. బ్రేకు గాలి బుస్సుమంది. ఇంజిను ఆగింది.

"ఇక ఫోను ఆపేసి పడుకోండి."

"నాకేం నిద్ర రావట్లేదు" అంటూనే ఆవలించాడు. తర్వాత చిన్నగా, "ఇందాక టోల్ గేటు ఎలా దాటానో గుర్తు రావట్లేదే" అన్నాడు. ఫోన్ ఆగిపోయింది.

అంతా విన్న ఓనరు కాసేపు నేల చూపులు చూశాడు. ఆ తర్వాత తన బాధ తనకు గుర్తొచ్చింది. "ఎవర్నడిగి ఆపించావు? అరగంటలో లేపు."

"లేపనండి."

"మరి పార్టీకి ఏం చెప్పను?"

"నేనే చెప్తాను." డ్రైవరు నిద్రపోతున్నాడని, సరుకు రేపు పొద్దున వస్తుందని ఫోన్ చేసి చెప్పాను. వాళ్ళు రుసరుసలాడి చివరికి ఒప్పుకున్నారు. ఓనరు ఒప్పుకోలేదు. "కొత్త బండి సంగతి మర్చిపొమ్మను" అని అద్దాల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ బండితో నాకేం పని, నాకు ఇంటికొచ్చే మనిషి కావాలి. కానీ మెత్తగా సీటు నొక్కిన ఆ చెయ్యి గుర్తొచ్చి కళ్ళు తుడుచుకున్నాను.

సాయంత్రం నేను ఇంటికి బయల్దేరబోతుంటే ఫోన్ మోగింది.

"ఇంకో సంగతి. ఆ గోడకు నేను తెల్ల సున్నం కూడా వేయించాను. గుడ్డివాడికైనా కనిపిస్తుంది."

నిద్ర తీరిన గొంతు. ఆ గొంతంటే నాకెంత ఇష్టమో ఆ రోజే తెలిసింది. "నిజమేనండి" అన్నాను. కొత్త బండి చెయ్యిజారిపోయిందని కూడా చెప్పేశాను.

"పోతే పోనీ. దాని హారను ముసలి మేక అరిచినట్టుంటుంది."

"అవునండి."

"సీటు కూడా ఉత్త బండరాయి."

"అవునండి."

"ఇందాక మీ పెద్దక్క వస్తోందని ఏదో పీడకల వచ్చింది. అలాంటివేం పెట్టకు."

"సరేనండి."

అటు నుంచి వచ్చిన గొంతులో కంగారు. "ఏమైందే నీకు, అన్నిటికీ సరే అంటున్నావు? ఎక్కడికీ కదలకు. ముందు ఆ కుర్చీలో వెనక్కి వాలి కాసేపు కళ్ళు మూసుకో."