కనుమలో పచ్చికొమ్మ

మా అత్త నరసమ్మకూ నాకూ ఏ విషయంలోనూ పొత్తు కుదిరేది కాదు. పులుసులో ఉప్పు దగ్గర్నుంచి గొడ్లకు మేత వేసే వేళ దాకా ఆమెది ఒక దారి, నాది ఒక దారి. అలాంటి మేమిద్దరం ఒక్క మాట మీద నిలబడ్డామంటే ఆ పుణ్యం అడవి గార్డు అంకయ్యదే.

మా ఊరు గిద్దలూరుకు పడమర, నల్లమల అంచున ఉంది. ఊరి వెనక నుంచి ఒక కాలిదారి కొండెక్కి, కనుమ దాటి, అవతల నంద్యాల వైపు పల్లెలకు దిగుతుంది. మా ఊరి ఆడపిల్లల్లో సగం మందిని అవతలికే ఇచ్చాం. మా ఆడబిడ్డ మాలకొండమ్మ కాపురమూ అక్కడే. తొలిచూలు, నెలలు నిండుతున్నాయి. పురిటికి పుట్టింటికి తేవాలి. పొద్దున బయలుదేరితే పొద్దుగూకేసరికి చేరే దారి అది. బండిబాట మీద చుట్టూ తిరిగి రావాలంటే రోజులు పడతాయి, ఆ గతుకులకు నిండు చూలాలు తట్టుకోదు.

సరిగ్గా అప్పుడే అడవిని సర్కారు తన కింద వేసుకుంది. ఒక ఉదయం చూసేసరికి దారి మొదట్లో ముళ్ళకంప అడ్డం వేసి ఉంది. పక్కన అంకయ్య కొత్త ఖాకీ కోటు తొడుక్కుని నిలబడ్డాడు. ఎవరి కొలతలకు కుట్టారో, భుజాలు జారుతున్నాయి.

"ఇది ఎవరూ నడవని దారి పెద్దమ్మా. మూసేస్తాండారు," అన్నాడు.

"ఎవరూ నడవకపోతే కంప ఎందుకురా?" అంది మా అత్త.

అంకయ్య కంపను ఇంకాస్త అడ్డంగా జరిపాడు. దాటితే కేసు పెడతానన్నాడు. పెట్టుకోమంది. ఆమె మీద నాకు మొదటిసారి ముద్దొచ్చింది.

కర్నూలు నుంచి అడవుల దొర వచ్చి, దారిని కళ్ళారా చూసి తేలుస్తాడని తెలిసింది. మా అత్తకు దిగులు లేదు. కనుమలో ఒక బండరాయి ఉంది. దాటే ప్రతి మనిషీ ఒక ఆకుకొమ్మ విరిచి ఆ రాతి మీద వేసి పోవాలి, లేకపోతే కనుమ తల్లి దారి తప్పిస్తుంది. తాతల నాటి నుంచి వేసిన కొమ్మలు అక్కడ గడ్డివామంత ఎత్తున పడి ఉన్నాయి, అడుగున ఎండువి, పైన పచ్చివి.

"దొరకు ఆ వామి సూపిస్తే సాలు. నేను నోరు తెరిసే పనే లేదు," అంది.

ఆమె నోరు తెరవకపోవడమా, అదీ చూద్దాం అనుకున్నాను.

దొర వచ్చిన రోజు అంకయ్య ముందు, దొర వెనక, ఆ వెనక మేమిద్దరం నడిచాం. దొరకు తెలుగు వచ్చు, పుస్తకాల తెలుగు. ఇది గొడ్లు తొక్కిన జాడే గానీ మనుషులు నడిచిన దారి కాదని అంకయ్య దారి పొడవునా ఒకటే పాట పాడాడు. నాకు ఒళ్ళు మండింది. ఎగువకు ఎక్కుతుంటే మా అత్తకు ఆయాసం వచ్చింది, అయినా చెయ్యి పట్టుకోనివ్వలేదు.

కనుమ కనిపించింది. వామి లేదు. బండరాయి చుట్టూ బూడిద. ఎవరు కాల్చారో అడగక్కర్లేదు. అంత నోరున్న మనిషికి మాట పడిపోయింది. బిడ్డను ఇక ఎట్లా తెచ్చుకోవడం అని ఆమె మొహంలోనే ఉంది, చూడలేకపోయాను.

అంతలో ముందు పోతున్న అంకయ్య రాయి దగ్గరికి చేరాడు. నడక ఆపకుండానే చెయ్యి చాచి పక్కనున్న తంగేడు కొమ్మ ఒకటి తుంచాడు. బూడిద పట్టిన ఆ రాతి మీద వేసి ముందుకు సాగాడు. అప్పుడు ఉలిక్కిపడి ఆగాడు.

దొర కూడా ఆగాడు. "అది యేమి?"

"ఏం లేదు దొరా."

"ఏమియు లేనిచో ఎందుకు వేసితివి?"

అంకయ్య కోటు గుండీ పట్టుకుని నలిపాడు. ఇంకో అబద్ధం ఆడొచ్చు. కానీ ఇప్పుడు నిలబడ్డది కనుమ తల్లి ముందు.

"ఎయ్యకుండా దాటగూడదు దొరా. మాయమ్మ నన్ను సంకనేసుకోని అవతలికి పోతా, నా చేత కొమ్మ ఏపిచ్చేది," అన్నాడు తల వంచుకుని.

దొర బూడిదను చూశాడు, మమ్మల్ని చూశాడు. "అయితే ఇది దారియే. అట్లే వ్రాసెదను. హుకుము వచ్చువరకు మాత్రము ఎవరును దాటరాదు."

మా అత్తకు నోరు తిరిగి వచ్చింది.

"నీ హుకుం ఎప్పుడన్నా రానీ దొరా. నా బిడ్డ కాన్పు దానికోసం కాసుకోని కూసోదు."

కొమ్మ విరిచి రాతి మీద వేసి, అవతలికి దిగడం మొదలుపెట్టింది. నేనూ నా కొమ్మ వేసి వెంట నడిచాను. వెనక నుంచి ఎవరూ పిలవలేదు.

మాలకొండమ్మను డోలీలో కూర్చోబెట్టి, అల్లుడూ అతని అన్నదమ్ములూ మోస్తుండగా మరునాడు తిరిగి వచ్చాం. ఊరి దగ్గర కంప అడ్డంగా అలాగే ఉంది. డోలీని చూసి అంకయ్య పరుగున వచ్చి కంప మీద చెయ్యి వేశాడు.

"తియ్యొద్దు," అంది మా అత్త. "నువ్వు తీస్తే అది నువ్విచ్చిన దారయితాది. మాది మేమే తీసుకుంటాం."

వట్టి చేతులతో కంప పట్టుకుని లాగింది. ముళ్ళు దిగి వేళ్ళ వెంట నెత్తురు కారినా వదల్లేదు. నేను రెండో కొస పట్టుకున్నాను.

"అట్ల కాదే, ఇటు లాగు," అని అక్కడా తిట్టింది.

కాపురానికి వచ్చాక మొట్టమొదటిసారి, ఆమె చెప్పిన వైపే లాగాను.