చిటికెనవేలి సందు

టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చిటికెనవేలు దూర్చి, చక్రాన్ని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాడు మేస్త్రి. వేలు ఎక్కడా నొక్కుకోకూడదు. అలాగని ఎక్కడా వదులుగా ఆడకూడదు. చుట్టు పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండటం ఆయనకు అలవాటు. ఆ కొలత నమ్ముకునే ముప్పై ఎనిమిదేళ్లు బతికాడు. వీధిలో అందరికీ ఆయన వేలు మేస్త్రి. ఎదురుగా ఉన్న కళ్లద్దాల కొట్టాయన, "ఆ వేలికేమన్నా అయిందంటే మేస్త్రి ఇల్లు గుల్లే" అని ఏడిపించేవాడు. అందరూ నవ్వేవారు గానీ, ఆనాటి నుంచి తలుపులు వేసేటప్పుడల్లా మేస్త్రి కుడిచేతిని వీపు వెనక దాచుకునేవాడు.

మూడంతస్తుల భవనం మెట్ల కింద ఆయన కొట్టు. లోపలికి వెళ్లే కొద్దీ పైకప్పు కిందికి వాలుతుంది. మనిషి ఆరడుగులవాడు కావటంతో ఇన్నేళ్లలో మెట్ల వాలు ఆయన వీపుకీ వచ్చేసింది. చేతివేళ్ల గీతల్లో ఇంకిపోయిన గ్రీజు ఏ సబ్బుకీ లొంగదు.

"అయిందా మేస్త్రీ? ఇంకా మూడిళ్లకి వెళ్లాలి నేను" అంది నర్సమ్మ, గడియారం చూసుకుంటూ. మంచం పట్టిన రోగుల దగ్గరకు ఇంటింటికీ వెళ్లి మందులు, కట్లు చూసే మనిషి. సైకిలుకు మడ్‌గార్డులు ఊడిపోయి వానాకాలమంతా ఆమె తెల్లబట్టల వెనక నడుము నుంచి మెడదాకా బురద చార పడుతూనే ఉంది. ఇవాళ కొత్త జత కొనుక్కుని తెచ్చుకుంది.

"అయిందమ్మా, అయిపోయింది."

ఆమె సైకిలెక్కి సందు మలుపు తిరిగేదాకా మేస్త్రి నిలబడి చూశాడు. నల్లటి మడ్‌గార్డులు చక్రాలతో పాటే పుట్టినట్టు కుదిరాయి. ఆ చూపులో గర్వం కొంతే, మిగతాదంతా అనుమానం. ఏ బండి వెళ్లినా ఆయన చూపు అలాగే వెంబడిస్తుంది.

పెళ్లైన కొత్తలోనే భార్య ఆయన్ని తూకం వేసేసింది. "నీకు దిగులు పడటానికి ఏమీ దొరక్కపోతే, ఎందుకు దొరకలేదా అని దిగులు పడతావు" అనేది. బయల్దేరాక తాళం చూడటానికి రెండుసార్లు వెనక్కి వచ్చేవాడు. కూతురికి సైకిలు నేర్పినప్పుడు నెలరోజులు వెనకాలే పరిగెత్తాడు తప్ప క్యారియరు వదల్లేదు. చివరికి ఆ పిల్లే, "నాన్నా, నువ్వు వదుల్తావా, నన్ను దిగి నడిచిపొమ్మంటావా?" అని అరిచింది. అంతటి పిరికివాడి కడుపున పుట్టి, ఆ పిల్ల ఇప్పుడు వేరే ఊళ్లో బస్సు నడుపుతోంది. రోజూ డ్యూటీ దిగి ఆమె ఫోన్ చేసేదాకా మేస్త్రికి ముద్ద దిగదు.

పదకొండు గంటలకు వాన తెరిపిచ్చింది. కూర్చునే గోనెపట్టా ఎత్తి దులిపాడు. టింగుమని ఏదో నేలమీద పడి, దొర్లి, ఆయన కాలి దగ్గర ఆగింది.

నట్టు. కొత్తది. స్పానరు గీత ఒక్కటి కూడా లేదు.

పాతదేమోనని వెలుతురులో పెట్టి చూశాడు. కాదు. పొద్దున్న పని మొత్తం వెనక నుంచి ముందుకు తలచుకున్నాడు. వెనక చక్రానిది బిగించాడు. ముందు చక్రానికి మడ్‌గార్డును పట్టి ఉంచే కుడిపక్క కడ్డీ బిగించాడు. ఎడమపక్క బోల్టు దూర్చి నట్టు చేతిలోకి తీసుకున్నప్పుడు ఫోన్ మోగింది. భార్య. "బీపీ మాత్ర వేసుకోకుండా వెళ్లావు. ఇక్కడే పడుంది" అని చెప్పింది. ఫోన్ పెట్టేసి ఆయన తిరిగి పనిలోకి దిగింది వేరే చోట.

ఆ బోల్టు కుదుపులకు ఊడిపోతే కడ్డీ వెళ్లి పుల్లల్లో పడుతుంది. మడ్‌గార్డు మడతపడి టైరు కింద ఇరుక్కుంటుంది. ముందు చక్రం ఉన్నపళంగా ఆగిపోతే మనిషి హ్యాండిలు మీంచి ఎగిరి పడటం ఖాయం. పైగా ఆమె రోజూ తిరిగేది నీళ్లట్యాంకు పక్క దిగుడు రోడ్డు. పైగా తడి.

స్పానరు, నట్టు జేబులో వేసుకుని, "కొట్టు చూస్తుండు" అని కళ్లద్దాలాయనకు కేకేసి, తన సైకిలెక్కాడు.

ఆసుపత్రికి వెళ్లి అడిగితే గుమస్తా నర్సమ్మకు ఫోన్ చేశాడు. "స్విచాఫ్. రోగుల ఇళ్లల్లో ఉంటే ఆపేస్తుంది. ఏంటంత అర్జెంటు?"

"ఒకటి ఇవ్వటం మర్చిపోయాను" అన్నాడు మేస్త్రి.

గుమస్తా మూడిళ్ల గుర్తులూ చెప్పాడు. మొదటి ఇంట్లో తుంటి విరిగిన ముసలావిడ కూతురు, "ఇప్పుడే వెళ్లింది కదా, అరగంట కాలేదు" అంది. రెండో ఇంటి తలుపు ఎవరూ తియ్యలేదు. పక్కింటి మనిషి మేడమీంచే చెయ్యి ఊపి, "వచ్చింది, వెళ్లింది" అన్నాడు. ఎటు వెళ్లిందని అడగక్కర్లేకపోయింది. మూడో ఇల్లు దిగుడు రోడ్డు చివరే.

ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మధ్యలో జనం గుమిగూడి ఉన్నారు.

మేస్త్రి సైకిలు దిగలేదు, జారిపోయాడు. భుజాల మధ్యలోంచి లోపలికి చూడటానికి ధైర్యం చాలక, జనం వెనకాలే నిలబడి, వాళ్ల మాటలు విన్నాడు.

"పాపం, ఒక్కటీ మిగల్లేదు."

"దిగుడులో పట్టు తప్పిందేమో."

కళ్లు మూసుకుని తల లోపలికి దూర్చాడు. కళ్లు తెరిస్తే తోపుడుబండి పక్కకు ఒరిగి ఉంది. దిగువ దాకా టమాటాలు దొర్లిపోయి ఉన్నాయి. బండామె నడుము మీద చేతులు పెట్టుకుని అందరినీ తిడుతోంది. ఆ తిట్లు మేస్త్రి చెవికి ఎంతో ఇంపుగా వినిపించాయి. వంగి నాలుగు టమాటాలు ఏరి ఆమె చేతిలో పెట్టాడు. "నవ్వుతావేంటయ్యా, నా బతుకు రోడ్డుపాలైతే!" అందామె. తాను నవ్వుతున్నట్టు ఆయనకు అప్పటిదాకా తెలియదు.

మూడో ఇంటి గోడకు చేరేసి ఉంది నర్సమ్మ సైకిలు. మేస్త్రి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఎడమపక్క తడిమాడు. బోల్టు ఇంకా ఉంది. రంధ్రం అంచున వేలాడుతోంది. వేలితో ముట్టుకుంటే చాలు, ఊడి చేతిలో పడింది.

మళ్లీ బోల్టు దూర్చి, నట్టు ఎక్కించి, స్పానరు జారేదాకా బిగించాడు. లేచి వెళ్లిపోవచ్చు. చూసినవాళ్లు లేరు. కానీ ఒకటి వదిలేసిన చేతులు ఇంకేం వదిలేశాయో! సైకిలును తలకిందులుగా సీటు మీద, హ్యాండిలు మీద నిలబెట్టి ప్రతి బోల్టూ మళ్లీ మొదటి నుంచీ చూశాడు. పెడలు పట్టి వెనక చక్రం తిప్పాడు. చూరు నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

పక్కనే కిటికీ తెరుచుకుంది. ఒకావిడ తొంగిచూసింది.

"ఏవండీ, మా మామగారు చెప్పమంటున్నారు. వెనక చక్రం ఎక్కడో రుద్దుకుంటోందట."

మేస్త్రికి చురుక్కుమంది. తన పనిలోనా? కానీ పొద్దున్న ఇదే మనిషి, ఇవే చేతులు. చెవి టైరు దగ్గరకు ఆనించి తిప్పాడు. ఏమీ వినపడలేదు. చిటికెనవేలు దూర్చి చుట్టూ తిప్పితే, ఒక్కచోట, వెంట్రుకవాసి, వేలు బిగుసుకుంది.

"నిజమేనమ్మా. ఎలా తెలిసింది ఆయనకి?"

"పోస్టుమాన్ కదా. నలభై ఏళ్లు సైకిలు మీదే. ఇప్పుడు ఊపిరితిత్తులు పూర్తిగా..." ఆమె మిగతా మాట మింగేసింది. "పొద్దుట్నుంచి నీళ్లు కూడా తాగట్లేదు. మీ చక్రం చప్పుడుకే కళ్లు తెరిచారు."

కిటికీ పక్కనే మంచం. మేస్త్రికి దుప్పటి అంచు, దాని మీద ఎండిన కాడలాంటి చెయ్యి మాత్రమే కనిపించాయి. మంచానికి అవతల నర్సమ్మ తెల్లబట్ట కదిలింది. మేస్త్రి నట్టు వదులు చేసి మడ్‌గార్డును గోరంత పక్కకు జరిపాడు. తిప్పాడు. పరీక్షలో కూర్చున్నవాడిలా ఎదురుచూశాడు.

"ఇంకొంచెం" అని వచ్చింది లోపల్నుంచి. మాట కంటే ఊపిరే ఎక్కువ.

ఇంకొంచెం జరిపాడు.

"ఆఁ... ఇప్పుడు గట్టిగా తిప్పు."

మేస్త్రి పెడలు పట్టుకుని ఒంట్లో సత్తువంతా పెట్టి తిప్పి వదిలాడు. పుల్లలు కనపడకుండా పోయాయి. ఎక్కడా రుద్దుడు లేదు. ఫ్రీవీలు టిక్‌టిక్‌టిక్‌మంటూ పరుగెత్తి, నెమ్మదించి, ఒక్కొక్క టిక్కూ విడివిడిగా వినిపించేంత మెల్లగా తిరిగి, ఆగింది.

"ఎలా ఉంది పెద్దాయనా?"

జవాబు లేదు. ఇంకా నచ్చలేదేమోనని మళ్లీ పెడలు మీద చెయ్యి వేశాడు. అప్పుడు నర్సమ్మ గొంతు, చాలా మామూలుగా, "టైమెంతయిందమ్మా?" అని అడగటం వినిపించింది. కోడలు ఏదో చెప్పింది. తరవాత ఆమె ఏడవటం మొదలుపెట్టింది.

మేస్త్రి చెయ్యి తీసేశాడు. సైకిలును చప్పుడు కాకుండా తిరగేసి గోడకు చేర్చాడు. స్పానరు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

నర్సమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి మెట్టు మీద కూలబడింది. ఆయన్ని చూసి ఆశ్చర్యపోవటానికి కూడా ఆమెకు ఓపిక లేదు.

"నర్సమ్మా, పొద్దున్న తప్పు చేశాను. ముందు చక్రానికి ఒక నట్టు పెట్టలేదు. నువ్వు ఆ దిగుడులో..." స్పానరు చేతులు మార్చుకున్నాడు. "ఇప్పుడు పెట్టేశాను. నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

ఆమె సైకిలు వంక చూసింది. ఆయన మోకాళ్లకు అంటిన బురద వంక చూసింది.

"దానికోసం ఇల్లిల్లూ తిరిగారా?"

"ఊఁ."

"నేను క్షేమంగానే వచ్చాగా మేస్త్రీ" అంది మెల్లగా. లోపలి మంచం వైపు చూసి, "ఏవో నాలుగు మంచిమాటలు చెప్పబోయాను ఆయనకి. వద్దని వేలెత్తారు. చక్రం వినాలట" అంది.

మేస్త్రి తల వంచుకున్నాడు. ఇన్నేళ్లలో ఒకరు తన పనిని అంత శ్రద్ధగా వినటం ఇదే మొదలు. ఆ మనిషి ముఖం కూడా ఆయన చూడలేదు.

నర్సమ్మ లోపలికి వెళ్లింది. చూరు నుంచి చినుకులు మళ్లీ జోరయ్యాయి. జల్లు లోపలికి కొడుతోందని కోడలు కిటికీ రెక్క లాగబోయి, ఆగిపోయింది. పెద్దాయన ప్యాంటు అంచు చైనులో పడకుండా పెట్టుకునే స్టీలు క్లిప్పులు రెండు కిటికీ గట్టు మీద పక్కపక్కనే ఉన్నాయి, నలభై ఏళ్ల చీలమండల గుండ్రం ఇంకా సడలకుండా, వాన చుక్కలకు తడుస్తూ.