కోతకాయ

చిత్తూరు మామిడి మండీలో దళారీ గంగాధరం చేతికి కత్తి దొరికితే కాయ రెండు ముక్కలయ్యేది. ఒక ముక్క అందరికీ కనబడేది. రెండోది అతని అరచేతికి మాత్రమే తెలిసేది.

మండీ పద్ధతి ఏమిటంటే, రైతు తెచ్చిన రాశిలోంచి కొనేవాడు తనకు తోచిన కాయ ఒకటి చూపిస్తాడు. దాన్ని నలుగురి ముందూ కోస్తారు. అదే కోతకాయ. కోతకాయ బాగుంటే రాశంతా బాగున్నట్టే లెక్క. తక్కిన రకాల సంగతి ఎలా ఉన్నా నీలం రకం కాయతోనే పెద్ద తంటా. పైకి ఒక్క మచ్చ లేకుండా పెళ్లికూతురిలా నిగనిగలాడుతుంది, లోపల టెంకలో నల్లటి ముక్కుపురుగు అద్దె లేకుండా కాపురం ఉంటుంది. నీలం వేలంలో ఆ పురుగు బయటపడితే పరువు పడిపోతుంది. అందుకని గంగాధరం ఇరవై ఏళ్లుగా ఒక విద్య సాధించాడు. కత్తి టెంకలోకి దిగగానే లోపల ఎవరైనా ఉన్నారో లేదో అతని బొటనవేలికి తెలిసిపోయేది. ఉంటే, ఉన్న సగం రాశి కింద పరిచిన వరిగడ్డిలోకి జారేది, లేని సగం గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు కొనే పరంధామయ్య ముక్కు కిందికి చేరేది. పరంధామయ్య వాసన చూసి తలాడించేవాడు.

విచిత్రమేమిటంటే ఇంత చేసే మనిషికి పురుగంటే పరమ రోత. ఇంట్లో వంకాయ కూర వండితే పళ్లెం ట్యూబులైటు కిందికి తీసుకుపోయి ఒక్కో ముక్కా తిరగేసి చూసేవాడు. "కూర తింటావా, వేలం పాడతావా?" అని భార్య రేవతి ఎత్తిపొడిచేది.

తొంభై ఎనిమిది ఆగస్టులో, నీలం కాయ చివరి దశలో, రేవతి ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గడ్డ తేలింది. మూడు నెలలుగా ఉన్నదాన్ని అప్పుడు బయటపెట్టింది. ఊళ్లో సొంత నర్సింగు హోము నడిపే సర్జను హరినాథ్ నొక్కి చూశాడు, సూది గుచ్చి చూశాడు, పెదవి విరిచాడు.

"అనుమానంగా ఉంది. గడ్డ తీసి తిరుపతికి బయాప్సీకి పంపుదాం. క్యాన్సరు కాదని వాళ్లు రాసిస్తే సరే. లేదంటే శుక్రవారం రొమ్మంతా తీసేయాల్సిందే."

బయాప్సీ అన్న మాటకు మొదట్లోనే భయం కూర్చుని ఉంది. గంగాధరానికి మిగతా అక్షరాలు వినబడలేదు.

సోమవారం గడ్డ తీశారు. తీసినదాన్ని రోగి మనుషులకు చూపించడం అక్కడి ఆనవాయితీ. ఏమీ తీయకుండానే తీశామన్నారని రేపు ఎవరూ అనకుండా ఈ ఏర్పాటు. ఆయా ఎస్తేరు స్టీలు తట్ట పట్టుకుని బయటికి వచ్చింది. వెనకే హరినాథ్ వచ్చి గడ్డను కత్తితో నడిమికి చీల్చి, "చూడప్పా, ఇదీ మీ ఆవిడ ఒంట్లో ఉన్నది" అన్నాడు. అంతలో లోపల ఫోను మోగితే వెళ్లిపోయాడు.

గంగాధరం చూశాడు. పచ్చటి కొవ్వు, దాని చుట్టూ నెత్తురు, మధ్యలో చీముకూ జిగురుకూ పుట్టిన రంగు. తల తిప్పేసుకునేవాడే. అంతలో చీలికలోంచి తెల్లటి దారం ఒకటి తొంగి చూసింది. కుట్టు వేసిన దారమేమో అనుకున్నాడు. దారం మెలిక తిరిగింది.

"కదలతా ఉండాదన్నా," అంది ఎస్తేరు తాపీగా.

వీధి కొళాయి దగ్గర ఆడవాళ్ల తిట్లలో అన్నిటికంటే ఘోరమైనది, ఒంటికి పురుగులు పట్టాలనేది. ఆ తిట్టు ఇప్పుడు తట్టలో పడుకుని మెలికలు తిరుగుతోంది. పాపిష్టి ఒళ్లు అంటారు, తన ఇంటికొచ్చి నీళ్లు కూడా తాగరు. పైగా పురుగున్న సరుకు తిరుపతికి పోతే అక్కడివాళ్లు ఏం రాస్తారు? కుళ్లిందని రాస్తారు. కుళ్లిందని రాస్తే ఈ సర్జను రొమ్ము కోసేస్తాడు. గంగాధరం ఇదంతా ఆలోచించాడని చెప్పలేం. ఇరవై ఏళ్ల బొటనవేలు ఆలోచించింది. అది, చూపుడువేలు కలిసి ఆ దారాన్ని పట్టుకుని లాగాయి. బెత్తెడు వచ్చి, నానిన సేమ్యాలా పుటుక్కున తెగింది. గోడవార నెత్తుటి దూది ఉన్న బకెట్టులో దాన్ని విదిలించి, వేళ్లు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత ఆ పంచె వైపు చూడలేకపోయాడు.

"సారుకు సూపించొద్దా?" అంది ఎస్తేరు.

"ఏం సూపిచ్చేదిమ్మే, రోత. సీసాలో ఎయ్యి."

"నేను దినామూ ఎత్తేది రోతేనన్నా. దాంట్లో ఏది యాడికి పోవాల్నో సారు సెప్తాడు. మనం సెప్పుకోకూడదు."

ఎస్తేరు బకెట్టు వైపు ఒకసారి, అతనివైపు ఒకసారి చూసి, గడ్డను మందునీళ్ల సీసాలో వేసి మూత బిగించింది.

తిరుపతి బస్సులో ఆ సీసా సంచిని ఒళ్లో పెట్టుకోవడానికి రోత, కింద పెట్టడానికి భయం. చేయి చాచి గాల్లో పట్టుకుని కూర్చున్నాడు. పక్క సీటు ముసలామె భక్తిగా చూసి, "కొండకు ముడుపా నాయనా?" అంది. ఔనన్నాడు. ఆమె సంచికి దణ్ణం పెట్టింది.

తిరుపతిలో ఆ ముక్కను చూసే పాథాలజీ డాక్టరు పేరు నందిని. ఆమె గది మెట్లు దిగి పోవాల్సిన నేలమాళిగలో ఉంది కాబట్టి, గంగాధరం నోట ఆమె పాతాళం డాక్టరమ్మ అయింది. సీసా అప్పగించి వచ్చాడు. గురువారం రిపోర్టుకు రమ్మన్నారు.

గురువారం రేవతి తనూ వస్తానంది. "నా ఒంట్లోది, నేనే అడుగుతా."

నందిని ఇద్దరినీ కూర్చోబెట్టింది. "క్యాన్సరు నాకు కనబడలేదు. కానీ లేదని సంతకం పెట్టలేకపోతున్నానమ్మా. ఒంట్లోకి పరాయిదేదైనా దూరితే పరుగెత్తుకొచ్చే కణాలు దీంట్లో విపరీతంగా ఉన్నాయి. ఎందుకొచ్చాయో తెలియడం లేదు. మధ్యలో సొరంగంలాంటి దారి ఉంది, ఖాళీగా. ఎవరూ తవ్వకుండా సొరంగం రాదు. తవ్వినదేదో నాదాకా రాలేదు."

"అయితే ఏమని రాస్తారమ్మా?" అంది రేవతి.

"అనుమానం తీరలేదనే రాయాలి."

"అట్లా రాస్తే రేపు ఆ సారు తీసేస్తాడు," అన్నాడు గంగాధరం.

నందిని కలం మూత తీసింది.

"తీసేయనీలేమ్మా. పానం కంటే ఎక్కువా," అంది రేవతి. మాట మామూలుగానే వచ్చింది. చెయ్యి మాత్రం ఎడమవైపు కొంగు సర్దింది. సర్దిన కొంగునే మళ్లీ సర్దింది. మూడోసారి సర్దబోయి, కట్టు మీద అలాగే ఆగిపోయింది.

గంగాధరం ఆ చేతిని చూశాడు.

"ఉండినాది మేడం," అన్నాడు.

"ఏది?"

"సొరంగంలో. పురుగు. తెల్లంగా, దారం మాదిరి. నేనే లాగి పారేసినాను."

"ఎందుకు?" అంది నందిని.

"మీరు సూస్తే ఏం రాస్తారో అని... కోతకాయ శుద్ధంగా పోవాలని..." తన నోట్లోంచి వచ్చిన మాట తనకే వంకాయలో పురుగులా కనిపించింది.

రేవతి అతనివైపు తిరిగింది. "నా ఒంట్లోంచి వచ్చినదాన్ని, పరంధామయ్యకు దాచినట్టు దాచినావా?"

"మొత్తం వచ్చిందా, తెగిందా?" నందిని అడిగింది.

"తెగినాది."

"అయితే నయం. ఈ వ్యవహారంలో మీరు చేసిన మంచిపని ఒకటే, సరిగా లాగలేకపోవడం."

ఆమె లేచి పక్కగదిలోకి వెళ్లి, మైనంలో బిగించి ఉన్న ఆ ముక్కను ఇంకా లోతుకు, పొర తర్వాత పొర కోయమని చెప్పింది. రెండు గంటలు పట్టింది. నడవాలో నలుగురు కూర్చునే బల్ల ఉంది. రేవతి ఒక కొసన కూర్చుంది. గంగాధరం ఆమె పక్కన కూర్చోబోతే సంచి తీసి మధ్యలో పెట్టింది.

పిలుపు వచ్చింది. మైక్రోస్కోపు ముందు నందిని కుర్చీ ఖాళీ చేసింది. "చూడండమ్మా. ఇది మీవారు వదిలేసిన తుంట. కుక్కల్లో ఉండే పురుగు. కుక్కను కుట్టిన దోమ మిమ్మల్ని కుట్టింది. మనిషి ఒంట్లో దీనికి పిల్లలు పెట్టే దారి లేదు, ఒకచోట ముడుచుకుని గడ్డ కట్టిస్తుంది. నా పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఇది రెండోది. మొదటిదానికి నేను కూడా క్యాన్సరే అనుకున్నాను. గడ్డ తీసేశారు కాబట్టి వైద్యం అయిపోయింది. రొమ్ము జోలికి పోనక్కర్లేదు."

రేవతి చాలాసేపు చూసింది. మొహం నిమ్మకాయ కొరికినట్టు ముడుచుకుంది.

"కుక్కదా?"

"అవునమ్మా."

"మూడు నెలలు దీన్నా నేను ఎదలో పెట్టుకోని సాకింది," అంది. లేచి కొళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. మోచేతులదాకా కడుక్కుంది. చిత్తూరుకు ఫోను చేసి శుక్రవారం ఆపరేషను వద్దని నందిని చెబుతున్నా నీళ్ల చప్పుడు ఆగలేదు.

గంగాధరం కూడా వంగి చూశాడు. చుట్టూ ఎర్రటి గుజ్జు, మధ్యలో గుండ్రంగా గట్లుదేరిన అంచు, లోపల గదులు. అచ్చం టెంకతో సహా అడ్డంగా కోసిన కాయ. ఈసారి దాన్ని జార్చడానికి అరచెయ్యి అడ్డం లేదు. మెట్లెక్కి బయటి కాలువ దగ్గరికి పరుగెత్తాడు. వాంతి అయింది. శాంతి మాత్రం కాలేదు.

తిరుగు బస్సు చంద్రగిరి దాటాక ధైర్యం చేశాడు.

"ఇంగ భయం లేదు గదమ్మే."

"భయం పోయినాది. రోత పోలే."

"పురుగు పోయినాది గదా, ఇంగేం రోత."

"పురుగుదేముండాది. దానికి దోవ తెలీలేదు," అని రేవతి కిటికీ వైపు తిరిగింది. చిత్తూరు వచ్చేదాకా మళ్లీ ఇటు చూడలేదు.

వారం తర్వాత, ఆ ఏటికి ఆఖరి నీలం కాయలు నాలుగు మండీ నుంచి ఇంటికి తెచ్చాడు. అన్నాలయ్యాక ఒకటి తీసుకుని కత్తి పట్టుకున్నాడు. రేవతి వచ్చి కత్తి లాక్కుంది.

"నువ్వు కొయ్యొద్దు."

ఆమె కోసింది. పక్కల చెంపలు మాత్రం తీసి ఊరుకోలేదు, బలంగా నొక్కి టెంకతో సహా రెండు చేసింది. నల్లటి ముక్కుపురుగు వెలుతురుకు ఒకసారి కాళ్లు ఆడించింది. రేవతి రెండు సగాలనూ వెల్లకిలా తిప్పి, స్టీలు పళ్లెంలో పక్కపక్కన పెట్టి అతని ముందుకు జరిపి, అక్కడే కూర్చుంది.

గంగాధరం బొటనవేలు దానంతటదే వంగింది. పళ్లెంలో గడ్డి లేదు.