మద్దికి మూడు దెబ్బలు

నేను ఒక గుమ్మెటను. కుండలాంటి ఒళ్లు, ఒక పక్క మేకతోలు, రెండో పక్క తెరిచిన నోరు. ఆ నోట్లో చీమలు దూరతాయేమోనని నాకు భయం. తోలును ఎలక కొరుకుతుందేమోనని ఇంకో భయం. ఇవి పుట్టుకతో వచ్చినవి కావు, దాలమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకున్నవి.

దాలమ్మ మా ఏటిగట్టు ఊళ్లలో కథలు చెప్పే మనిషి. నన్ను చేయించిన రోజు మట్టి తనే మోసుకొచ్చింది.

"ఎక్కడిదమ్మీ ఈ జిగట మన్ను?" అన్నాడు కుమ్మరి సూరయ్య.

"మన్నే కదన్నా. నీకెందుకు?"

పగలకుండా మోగే ఆ నల్లమట్టి ఏటి పక్కన ఒక్క చోటే మిగిలింది. మిగతా గట్టంతా ఇటుకబట్టీల వాళ్లు తవ్వి గోతులు చేసేశారు.

ఆ చోటి ఆనవాళ్లు కథలోనే ఉన్నాయి. దారి తప్పిన పిల్ల ఒకతె, చెట్టుచెట్టునూ పేరు పెట్టి పిలుస్తూ నీళ్ల దగ్గరకు చేరే కథ అది. ఒక్కో చెట్టుకు నా మీద ఇన్ని దెబ్బలని ఉంది: మద్దికి మూడు, నేరేడుకు అయిదు, ఈతకు రెండు. కథలో అక్కడక్కడా ఆ చెట్ల పేర్లు వచ్చినప్పుడల్లా విని, దాలమ్మ కూతురు నీలవేణికి ఈ దెబ్బలు చిన్నప్పుడే వచ్చేశాయి. చెట్ల వరస మాత్రం తెలియదు. ఆ వరస చెప్పే చరణం రాగానే తల్లి నన్ను పక్కనపెట్టి, గొణిగేసి దాటిపోయేది.

"నాకైనా సెప్పవేటే అమ్మా?"

"సెప్తే నువ్వు నీ సావాసగత్తెలకి సెప్తావు. ఆళ్లు మొగుళ్లకి సెప్తారు. తెల్లారేసరికి ట్రాక్టరొస్తాది."

ఒకనాడు పాటలు పోగుచేసే సారు ఒకాయన పట్నం నుంచి వచ్చి, ఫోను చాప మీద పెట్టాడు. దాలమ్మ ఆయన చెప్పులు చూసింది. అంచుకు ఎర్రమట్టి. బట్టీ మనిషేనని తేల్చేసింది. మా వీధంతా ఎర్రమట్టేనని ఆమెకు తోచలేదు, నాకూ తోచలేదు.

"ఆ చెట్ల చరణం కూడా పాడండమ్మా," అన్నాడు సారు.

"ఏ చెట్లు బాబూ?"

"ఊళ్లో చెప్పారు లెండి."

కాదంటే ఇంకా ఆరా తీస్తాడనుకుంది. నీలవేణి లోపల టీ కాస్తుంటే, నన్ను ఒళ్లోకి లాక్కుని పాడింది: ముందు ఈత, తర్వాత మద్ది, ఆ తర్వాత నేరేడు. అంతా తారుమారు. సారు మురిసిపోయి, ఆ పాట నీలవేణి ఫోనుకూ పంపి వెళ్లాడు.

"తిరగనీ ముళ్లల్లో," అంది దాలమ్మ, నాకొక్కదానికే వినపడేలా.

ఆర్నెల్లకు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ మాటా ఒకేసారి పోయాయి. పడినప్పుడు నేనూ ఆమెతోపాటే పడ్డాను. నా పొట్టకు నిలువునా పగులు.

సూరయ్య నన్ను తిప్పి చూశాడు. "అతుకు నిలవదే పిల్లా. ఆ నల్లమన్ను తే, ఇంకోటి సేస్తాను. ఈ ఊరి మన్నైతే రెండు కథలకే బీటలిచ్చేస్తాది."

గుమ్మెట లేకపోతే కథ తల్లి గొంతుతోనే పోయినట్టు. అడిగితే దాలమ్మ ఎడమచెయ్యి ఎటో ఊపేది, అర్థమయ్యేది కాదు. నీలవేణి ఫోనులో పాట పెట్టుకుని, అందులోని వరసనే ఏటికి వెళ్లింది. కాళ్లు ముళ్లతో గీరుకుని ఉత్త చేతులతో వచ్చింది. మర్నాడూ అంతే. అమ్మే మరిచిపోయిందనుకుని ఏడ్చింది.

మూడోనాడు మంచం పక్కన కూర్చుని పాట మళ్లీ పెట్టింది. అలవాటుకొద్దీ వేలితో నా దెబ్బల వెంట నేలమీద కొడుతోంది. అమ్మ గొంతు ఈత అంది. వేలు మూడుసార్లు పడింది. మళ్లీ విన్నది. మద్ది అన్నచోట అయిదు. నేరేడు అన్నచోట రెండు.

"నీ నోరు ఆడిన అబద్ధం నీ సెయ్యి ఆడనేదు కదే అమ్మా."

దాలమ్మ ఎడమచెయ్యి ఎత్తి, కూతురి నోరు గట్టిగా మూసేసింది.

సాయంత్రానికి ఇంట్లో గంపెడు నల్లమట్టి ఉంది.

ఇప్పుడు నేను అటక మీద ఉన్నాను, కడుపులో సొర విత్తనాలతో. కింద కొత్త గుమ్మెట మోగుతుంది. నీలవేణి నలుగురిలో పాడేటప్పుడు ఈత, మద్ది, నేరేడు అనే పాడుతుంది, తల్లిలాగే. దెబ్బలు మాత్రం మార్చదు. మారిస్తే రేపు తన కూతురికి దారి ఉండదు.

నా భయం ఒక్కటే. ఆ పాట సారు ఫోనులోనూ ఉంది. ఇంతవరకూ ఆయన మాటలే వింటున్నట్టున్నాడు.